క్వాయ్ నదీతీరం: విహారస్థలాలు, యుద్ధస్మృతులు

థాయిలాండు రాజధాని బాంకాక్‌కు పశ్చిమంగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో కాంచనబురి పట్టణం ఉన్నది. ఆ పేరు మన చెవికి క్రొత్తగా తోచదు. కాంచనపురి అనే పదమే థాయి ప్రజల నోట ఆ రూపాన్ని దాల్చింది. పట్టణం దాటగానే చెరకు తోటలు, కర్రపెండలం చేలు, వాటి వెనుక సున్నపురాతి కొండలు, వెదురు అడవులు కనిపిస్తాయి. ఖ్వే యాయ్, ఖ్వే నోయ్ అనే రెండు నదులు ఈ పట్టణం చెంతనే సంగమించి మేక్లాంగ్ అనే పేరుతో సముద్రాభిముఖంగా సాగిపోతాయి.

ఈ ప్రాంతానికి సెలవులు గడపడానికి వచ్చేవారిని ముందుగా ఆకర్షించేది నీరు. ఏడు అంచెలుగా దూకే ఎరావాన్ జలపాతం 1975లో ఏర్పడిన జాతీయవనంలో ఉన్నది. ఎరావాన్ అంటే మన ఐరావతమే. పై అంచెలోని శిలలు ఆ దివ్యగజం తలను పోలి ఉంటాయని అక్కడివారు చెప్పుకుంటారు. నదిలో తెప్పల మీద కట్టిన వెదురు కుటీరాలలో యాత్రికులు బస చేస్తారు. కొన్నింటిలో విద్యుద్దీపాలైనా ఉండవు. సాయంకాలం కిరసనాయిలు దీపాలు వెలిగిస్తారు. పట్టణవాసానికి విసిగినవారికి ఆ చీకటి, ఆ ప్రవాహధ్వని ఎంతో హాయిని కలిగిస్తాయి. అయితే ఈ నది ఒడ్డునే, ఈ అడవులలోనే, 1942, 1943 సంవత్సరాలలో సంభవించిన జననష్టాన్ని తెలుసుకొనకుండా ఈ ప్రాంతాన్ని చూడటం సగం చూడటమే అవుతుందని మా అభిప్రాయం.

బర్మాను ఆక్రమించిన జపాను సైన్యానికి ఆహారం, ఆయుధాలు చేరవేయడం కష్టమైంది. మలక్కా జలసంధి మీదుగా పోయే ఓడలను మిత్రరాజ్యాల జలాంతర్గాములు వెంటాడుతూ ఉండేవి. అందుచేత థాయిలాండులోని నాంగ్ ప్లాదుక్ నుండి బర్మాలోని థన్‌బ్యూజాయత్ వరకు, కొండల నడుమ, 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయాలని నిశ్చయించారు. 1942 ద్వితీయార్ధంలో ఆరంభమైన పని 1943 అక్టోబరులో ముగిసింది. యంత్రసహాయం అత్యల్పం. సమ్మెట, ఉలి, గడ్డపార, మన్ను మోసే వెదురు బుట్ట, ఇవే సాధనాలు. 1943 వర్షాకాలంలో పని త్వరపెట్టిన కొద్దీ ఆహారం తగ్గింది, కలరా ప్రబలింది.

అరవై వేలకు పైగా బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్చి, అమెరికా యుద్ధఖైదీలు ఈ మార్గంపై పనిచేయగా, పన్నెండు వేలకు మించి మరణించారు. లోకానికి తెలిసిన కథ ఇదే. ఫ్రెంచి రచయిత పియర్ బూల్ 1952లో వ్రాసిన నవల, దాని ఆధారంగా డేవిడ్ లీన్ 1957లో తీసిన చలనచిత్రం ఈ కథను దేశదేశాలకు చేర్చాయి. ఆ చిత్రాన్ని తీసింది సింహళంలో. పైగా అసలు వంతెన క్వాయ్ నదిపై లేదు, మేక్లాంగ్‌పై ఉన్నది! వంతెనను వెదుక్కుంటూ యాత్రికులు రాసాగేసరికి 1960 దశకంలో ఆ నది పైభాగానికే ఖ్వే యాయ్ అని పేరు మార్చారు. నవలకు తగినట్లు నదిని దిద్దుకొనడం భూగోళశాస్త్రంలో అరుదైన వింత. నేడు కనిపించే ఉక్కు వంతెనలో వంపు తిరిగిన కమానులు యుద్ధకాలం నాటివి; నలుచదరంగా ఉన్న నడిమి భాగాలు బాంబుదాడులలో కూలినవాటికి బదులుగా యుద్ధానంతరం అమర్చినవి. ఏటా నవంబరు, డిసెంబరు నెలల సంధిలో ఇక్కడ దీపాలతో, బాణసంచాతో ఉత్సవం జరుగుతుంది. మృతుల స్మృతికి బాణసంచా ఎంతవరకు తగునో పాఠకులే యోచించాలి.

చలనచిత్రంలో దాదాపుగా కనిపించనివారు ఆసియా శ్రామికులు. బర్మీయులు, జావావారు, మలయావారు, చీనావారు, దక్షిణ భారతీయులు కలిసి వీరి సంఖ్య సుమారు రెండు లక్షలు. చరిత్రకారుల అంచనాలు ఏకీభవించకపోయినా, మృతులు తొంబది వేల వరకు ఉంటారని పలువురు చెప్తారు. మలయా నుండి తెచ్చినవారే డెబ్బది వేలకు పైబడినట్లు యుద్ధానంతర లెక్కలు తెలుపుతున్నాయి. వారిలో అధికులు రబ్బరు తోటల కూలీలు, తమిళులు, వారితో పాటు మన తెలుగువారు. శ్రీకాకుళం, విశాఖపట్టణం, చిత్తూరు ప్రాంతాల నుండి పొట్టచేతబట్టుకొని కంగాణీల వెంట మలయాకు వెళ్ళి, రబ్బరు తోటలలోను, దిగువ పేరాక్‌లోని కొబ్బరి తోటలలోను స్థిరపడిన కుటుంబాలవారు వీరు. జపాను ఆక్రమణతో రబ్బరు ఎగుమతి ఆగిపోయి తోటలలో పని కరవైంది, బియ్యం కరవైంది. మంచి కూలి, కొద్ది నెలల పని అని ఆశపెట్టారు. ఆశకు లొంగనివారిని బలవంతంగా పట్టుకుపోయారు. ఉచిత చలనచిత్ర ప్రదర్శనకు పిలిచి, తలుపులు మూసి, ప్రేక్షకులను రైలెక్కించిన సంఘటనలను కూడ బ్రతికి వచ్చినవారు చెప్పారు.

ఖైదీల కంటె కూలీలు ఇంత అధికసంఖ్యలో ఎందుకు మరణించారు? ఖైదీలు సైనికులు. వారి శిబిరాలలో వారి అధికారులు, వారి వైద్యులు ఉండేవారు. నీరు కాచి త్రాగించడం, మరుగుదొడ్లు దూరంగా త్రవ్వించడం వంటి కట్టుబాట్లను వారు అమలుపరిచారు. కూలీల పాకలలో అటువంటి నాయకత్వం లేదు, వైద్యుడు లేడు. కలరా ఒక పాకలో ప్రవేశిస్తే దాన్ని ఖాళీ చేసి వెళ్ళేది. జావా, మలయా ముస్లిములలో చాలమందికి జనాజా నమాజు లేదు. తెలుగు, తమిళ హిందువులలో చాలమందికి తలకొరివి లేదు. అందరికీ ఒకటే గొయ్యి, లేదా ఒకటే మంట.

పేరు విషయంలోనూ ఇదే భేదం. ఖైదీల అధికారులు మృతుల జాబితాలను, సమాధుల గుర్తులను రహస్యంగా దాచిపెట్టారు. 1945 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఒక బృందం రైలుమార్గం వెంట తిరిగి పదివేలకు పైగా సమాధులను గుర్తించగలిగింది. తోటకూలీకి దళసంఖ్య లేదు. అతని పేరున్నది తోట హాజరుపట్టీలో. అతడు చేరినది అడవిలోని పాకకు. దక్షిణ భారతీయులందరినీ చాలచోట్ల తమిళులుగానే లెక్కించడం వలన తెలుగువారి సంఖ్యను వేరుగా తేల్చే వీలు కూడ లేకపోయింది.

ఈ భేదాన్ని కాంచనబురిలో కన్నులారా చూడవచ్చు. రైలుస్టేషనుకు సమీపంలోని యుద్ధసమాధి క్షేత్రంలో 6,982 మంది కామన్వెల్తు, డచ్చి సైనికులు ఉన్నారు. పచ్చని గడ్డి, పూలమొక్కలు, వరుసలు తప్పని ఫలకాలు, గుర్తింపు దొరికిన ప్రతి ఫలకంపై పేరు, వయస్సు. నది ఆవలి గట్టున చుంగ్‌కాయ్ క్షేత్రంలో మరి సుమారు 1,740 మంది ఉన్నారు. కొండలలో కొన్యూ వద్ద శిలను తొలిచి మార్గం చేసిన కనుమను హెల్‌ఫైర్ పాస్ అంటారు. రాత్రివేళ కాగడాల వెలుగులో ఎముకలగూళ్ళ వంటి మనుష్యులు సమ్మెటలు వేస్తున్న దృశ్యం నరకాగ్నిని తలపించినందున ఆ పేరు వచ్చింది. అడవి కప్పివేసిన ఆ కనుమను కాపాడాలని 1980 దశకంలో ఒక మాజీ ఆస్ట్రేలియా ఖైదీ తన ప్రభుత్వాన్ని కోరగా, ఆ ప్రభుత్వ వ్యయంతో 1998లో అక్కడ ప్రదర్శనశాల వెలసింది. ఏటా ఏప్రిల్ 25న తెల్లవారకముందే ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశస్థులు అక్కడ సమావేశమవుతారు. కోరడానికి ఒక మనిషి, వినడానికి ఒక ప్రభుత్వం ఉన్నందున ఇది సాధ్యమైంది. తోటకూలీల పక్షాన అడిగినవారు చాలకాలం లేరు.

పాత మార్గంలో నాంగ్ ప్లాదుక్ నుండి నామ్‌తోక్ వరకు సుమారు 130 కిలోమీటర్లు నేటికీ వాడుకలో ఉన్నది. బాంకాక్‌లోని థాన్‌బురి స్టేషను నుండి రైళ్ళు నడుస్తాయి. థామ్ క్రాసే వద్ద కొయ్యదూలాలపై నిలిపిన మార్గం కొండను ఆనుకొని నది అంచునే సాగుతుంది; రైలు నత్తనడక నడుస్తుంది, యాత్రికులు కిటికీల నుండి ఛాయాచిత్రాలు తీసుకుంటారు. సరిహద్దు వైపు మార్గంలో కొంతభాగం 1984లో ఖావో లేమ్ జలాశయం క్రింద మునిగిపోయింది.

వంతెనకు కొంత దూరంలో 1944లో జపానువారే నిలిపిన స్మారకస్తంభం ఒకటున్నది. దానిపై తమిళంతో సహా పలు భాషలలో ఫలకాలున్నాయి. పని చేయించినవారే మృతులకు శ్రద్ధాంజలి ఘటించడం విచిత్రమే అయినా, కూలీలను తలచిన మొదటి చిహ్నం బహుశః అదే. 1990లో పట్టణంలో ఒక చేను త్రవ్వుతుండగా సామూహిక ఖననస్థలం బయటపడింది. యుద్ధసమాధి క్షేత్రానికి చేరువనే వియత్నామీ సంప్రదాయపు వాట్ థావోర్న్ వరారామ్ అనే బౌద్ధాలయం ఉన్నది. దాని ఆవరణలో ఆసియా శ్రామికుల అస్థులు నిక్షిప్తమైన స్మారకం కనిపిస్తుంది. రైలు దిగినవారు అక్కడికి నడచియే వెళ్ళవచ్చు.