నొప్పిని దాచుకోకండి, సిస్టరమ్మకు చెప్పండి

ఆపరేషన్ అనగానే మనలో చాలామందికి భయం కత్తి గురించి కాదు, తర్వాత వచ్చే నొప్పి గురించి. చిత్రమేమిటంటే, ఆ నొప్పి వచ్చాక మాత్రం పైకి చెప్పం. పళ్ల బిగువున ఓర్చుకుంటాం. "కాన్పు నొప్పులే ఓర్చుకున్నదానివి, ఇదెంత?" అనే మాట పెద్దవాళ్ల నోట వింటూ పెరిగాం కదా! మా మైపాడు వైపు చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఆడవాళ్లయితే నడుం నొప్పి సంగతి ఎవరితోనూ అననే అనరు.

నేనూ ఆ తానులో ముక్కనే. గర్భసంచి ఆపరేషన్ కోసం నెల్లూరులో ఒక ఆస్పత్రిలో చేరాను. నడుముకు ఇచ్చిన మత్తు ఉన్నంతసేపూ హాయిగానే ఉంది. అది దిగేసరికి కుట్ల దగ్గర నిప్పులు పోసినట్టయింది. "సిస్టరమ్మని పిలవనా?" అంది తోడుగా వచ్చిన మా వదిన. "వద్దులే వదినా, రాత్రిపూట ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకు?" అన్నాను. దుప్పటి కొస నోట్లో కుక్కుకుని తెల్లార్లూ గడిపాను.

పొద్దున్నే సిస్టరమ్మ వచ్చింది. "నొప్పి అసలు లేకపోతే సున్నా, ఇంతకు మించి ఉండదు అనిపిస్తే పది. మీకెంతమ్మా?" అని అడిగింది. "రెండు" అన్నాను. ఆమె మంచం ఊచను బిగించి పట్టుకున్న నా చేతి వంక చూసి, "ఏదీ, ఒకసారి దగ్గండి" అంది. దగ్గబోయాను, కళ్ల వెంట నీళ్లొచ్చేశాయి. "ఇప్పుడు చెప్పండి, ఎంత?" "ఎనిమిది!"

అంకె ఎందుకు అడుగుతారు?

చేపల పులుసులో కారం ఎంతుందో నోట్లో వేసుకున్నవాళ్లకే తెలుస్తుంది. నొప్పీ అంతే. జ్వరానికి థర్మామీటరు ఉంది గానీ నొప్పికి లేదు. అందుకే పడేవాళ్లు చెప్పిన మాటే కొలత. పడుకున్నప్పుడు ఎంత, కదిలితే ఎంత, ఎక్కడ, పొడుస్తోందా, మండుతోందా అని అడిగి కాగితంలో రాసుకుంటారు. డాక్టరు రాసిన మందు ఇచ్చి ఊరుకోరు. ఇంజక్షన్ అయితే అరగంటకు, మాత్ర అయితే గంటకు మళ్లీ వచ్చి "ఇప్పుడెంత?" అంటారు. తగ్గకపోతే డాక్టరుకు చెబుతారు.

మరి పసిపిల్లల మాటేమిటి? అమెరికాలో డోనా వాంగ్ అనే పిల్లల నర్సు, కానీ బేకర్ అనే ఆమెతో కలిసి 1980ల్లో ఆరు మొహాల బొమ్మలు తయారుచేసింది. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఉంటాయి. పిల్లలు తమ నొప్పికి తగ్గ బొమ్మ మీద వేలు పెడితే చాలు. మాటలు రాని పసివాళ్లకైతే మొహం, కాళ్లు ఆడించే తీరు, ఏడుపు చూసి అంచనా వేస్తారు.

ఓర్చుకుంటే వచ్చే నష్టం

నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయం, దగ్గం. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని నిమ్ము చేయవచ్చు. లేచి నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాబట్టి నొప్పి ముదరక ముందే చెప్పాలి. ముదిరాక దాన్ని దించడం కష్టం.

"మందు అలవాటైపోతుందేమో" అని కొందరి భయం. ఆస్పత్రిలో వాళ్ల కనుసన్నల్లో నాలుగు రోజులు వాడితే ఆ భయం చాలా తక్కువ. మార్ఫిన్ లాంటి మందులకు 1985 నాటి చట్టం గట్టి కట్టడి పెట్టింది. అవసరమైన రోగులకు అందాలనే 2014లో దాన్ని సవరించారు. ఆ మందు ఇచ్చాక మగత, ఊపిరి కూడా సిస్టర్లు గమనిస్తూ ఉంటారు. మీకు ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఏదైనా మందు పడకపోవడం ఉంటే ముందే చెప్పండి. ఇంటి నుంచి తెచ్చిన మాత్రలు వాళ్లకు చెప్పకుండా మింగకండి.

మందుతో పాటు

ఆ రోజు ఇంజక్షన్ ఇచ్చిన అరగంటకు నా అంకె మూడుకు దిగింది. అప్పుడు సిస్టరమ్మ నేర్పిన చిట్కాలివి:

దగ్గేటప్పుడు పొట్ట మీద దిండు పెట్టి రెండు చేతులా అదిమి పట్టుకోండి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా ఒక పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, చేతుల ఆసరాతో లేవండి. కుట్ల మీద వేడినీళ్ల సంచి పెట్టకండి.

మందు వేసినా నొప్పి హఠాత్తుగా పెరిగినా, గుండెల్లో నొప్పి, ఆయాసం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, కుట్లు ఎర్రబడి చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే పిలవండి. వాచిన పిక్కను మాత్రం ఎవరిచేతా పిసికించుకోకండి.

తోడుగా వెళ్లేవాళ్లకూ ఒక మాట. "ఆమెకేం, బాగానే ఉంది" అని మీరు జవాబు చెప్పకండి. ఆమెనే చెప్పనివ్వండి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఫ్లాస్కు, తువ్వాలు, దువ్వెన మరిచిపోకుండా సంచిలో సర్దుకుంటాం కదా! వాటితో పాటు ఈ మాటా గుర్తుపెట్టుకోండి. సిస్టరమ్మ "ఎంత?" అని అడిగితే, మొహమాటపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంటిల్లిపాదికీ ఎంత ఉప్పు, ఎంత కారం కావాలో చెప్పగల మనం, మన నొప్పి ఎంతో చెప్పుకోలేమా?