స్వతంత్ర ఆవిష్కర్తలు - మలేషియాలో వారికి గల అవకాశాలు

సింగపూరు ఉద్యానవనానికి 1888లో అధిపతిగా వచ్చిన హెన్రీ రిడ్లీ, చెట్టు ప్రాణానికి హాని కలుగకుండా బెరడును పలుచగా గీస్తూ పోతే అదే రబ్బరు చెట్టు నుండి ఏళ్ల తరబడి పాలు తీయవచ్చునని ఆ తరువాతి దశాబ్దంలో నిరూపించాడు. జేబు నిండా రబ్బరు గింజలతో తోటల యజమానుల వెంట తిరిగే ఆయనకు వారు 'పిచ్చి రిడ్లీ' అని పేరు పెట్టారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ పద్ధతి మలయా అంతటా వ్యాపించింది. అది ఎవరి సొత్తూ కాలేదు. రిడ్లీకి ప్రభుత్వ జీతం ఉన్నది. ఆయన నూరేళ్లు నిండి 1956లో కన్నుమూశాడు.

రిడ్లీ పద్ధతిని ప్రతి ఉదయం చీకటితోనే ఆచరణలో పెట్టినవారు ఎస్టేటు కార్మికులు. వారిలో తెలుగువారూ ఉన్నారు. జెబోంగ్ కత్తితో బెరడు గీసేవాడు దాని మొనను తన చేతివాటానికి తగినట్లు అరగదీసుకుంటాడు. పామాయిల్ తోటలో ఎత్తయిన చెట్టు నుండి గెల కోసేవాడు కొడవలిని గెడకు బిగించే తీరును మార్చుకుంటాడు. ఇటువంటి మార్పు నిజంగా క్రొత్తదీ, ఉపయోగకరమైనదీ అయినప్పుడు దానిపై హక్కు ఎవరిది? ఆ పనివాడు, లేదా నేడు పినాంగ్ కర్మాగారంలో సాంకేతిక నిపుణుడుగా పనిచేస్తున్న అతని మనుమడు, ఆ హక్కును ఎట్లా నిలుపుకోగలడు? పెద్ద సంస్థలకు న్యాయవాదులు ఉంటారు. ఒంటరిగా పనిచేసే ఆవిష్కర్తకు చట్టాన్ని గూర్చిన సొంత జ్ఞానమే దిక్కు.

పూర్వం ఈ దేశంలో పేటెంటు కావలసినవాడు మొదట లండనులో దానిని సంపాదించి, తరువాత ఇక్కడ నమోదు చేయించుకోవలసి వచ్చేది. సముద్రాంతర ప్రయాణం వంటి ఆ వ్యవహారం సామాన్యునికి అందుబాటులో లేనిదని వేరే చెప్పనక్కరలేదు. 1983 నాటి పేటెంట్ల చట్టం 1986 అక్టోబరు 1న అమలులోకి రావడంతో ఈ స్థితి మారింది. మలేషియా 1989లో పారిస్ ఒడంబడికలోనూ, 2006 ఆగస్టులో పేటెంటు సహకార ఒడంబడికలోనూ చేరింది. 2003 నుండి ఈ వ్యవహారమంతా మైఐపిఓ అనే మలేషియా మేధాసంపత్తి సంస్థ ఆధీనంలో నడుస్తున్నది.

చట్టం దృష్టిలో ఆవిష్కరణ అంటే కేవలం ఆలోచన కాదు. ఒక ప్రత్యేక సమస్యకు ఆచరణలో పరిష్కారం చూపే ఆలోచన. దానికి మూడు పరీక్షలు ఉన్నాయి. అది ప్రపంచంలో ఎక్కడా అప్పటికి వెల్లడి కానిదై ఉండాలి. ఆ రంగంలో నైపుణ్యం గలవానికి సహజంగా తట్టేది కాకూడదు. పరిశ్రమలో తయారు చేయడానికో, వాడడానికో వీలైనదై ఉండాలి. ప్రకృతి సూత్రాన్ని కనుగొనడం, గణిత పద్ధతి, వ్యాపార ప్రణాళిక, రోగికి చేసే చికిత్సా విధానం మొదలైన వాటికి పేటెంటు లేదు. అర్హత గలదానికి దరఖాస్తు తేదీ నుండి ఇరవై సంవత్సరాల రక్షణ లభిస్తుంది.

ఈ మూడింటిలో రెండవదే సామాన్య ఆవిష్కర్తకు గండం. ఉన్న పనిముట్టుకు చేసిన చిన్న మెరుగుదలను చూచి, "ఇది ఎవరికైనా తట్టేదే" అని పరీక్షాధికారి కొట్టివేయవచ్చు. కనుకనే మలేషియా చట్టం రెండవ ద్వారాన్ని కూడా తెరచి ఉంచింది. దాని పేరు 'యుటిలిటీ ఇన్నొవేషన్'. తెలుగులో 'ఉపయుక్త నవీకరణ' అనుకోవచ్చు. తెలిసిన వస్తువుకు గాని, తెలిసిన విధానానికి గాని చేసిన క్రొత్త మెరుగుదల పారిశ్రామికంగా వాడదగినదైతే చాలు, ధ్రువపత్రం పొందవచ్చు. రెండవ పరీక్ష దీనికి లేదు. రక్షణ పది సంవత్సరాలు. ఆపై ఐదేళ్ల చొప్పున రెండుసార్లు పొడిగించుకోవచ్చు. పేటెంటు కోసం పెట్టిన దరఖాస్తును దీనిక్రిందకు మార్చుకునే వీలు కూడా ఉన్నది. అయితే ఒకే వస్తువుకు రెండు హక్కులూ ఉండవు. కొడవలిని గెడకు బిగించే క్రొత్త పట్టీ వంటిది సాధారణంగా ఈ ద్వారం గుండా పోవలసినదే. పేటెంటు అనే మాటకున్న వైభవం దీనికి లేదు. అందువల్లనే కాబోలు, అవసరమైనవారు సైతం దీని పేరు తలపెట్టరు.

ఆంధ్రదేశంలో చదువుకు ఆరవ తరగతితో స్వస్తి చెప్పిన ఒక నేతపనివాని కథ ఈ సందర్భంలో స్మరణీయం. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి. ఆమె చీర నేతకు ముందు 'ఆసు' పోసేది. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ దారాన్ని చేతితో త్రిప్పడమే ఆసు. ఒక చీరకు చేయి దాదాపు తొమ్మిది వేలసార్లు కదలాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరల ఆసు పోసేసరికి భుజం, మోచేయి పట్టుకుపోయేవి. ఇక తన చేత కాదని తల్లి అనడమే మల్లేశం ప్రయత్నానికి నాంది.

1992లో మొదలైన ఆ ప్రయత్నం ఏడేళ్లు సాగింది. యంత్రంలో ఒక్కొక్క భాగమే కుదురుతూ వచ్చింది. ఊరివారు నవ్వారు, చేతిలోని డబ్బు అయిపోయింది. హైదరాబాదుకు వెళ్లి విద్యుత్తు పని చేసుకుంటూ మిగిలిన సొమ్మును విడిభాగాలకు ఖర్చు పెట్టాడు. బాలానగరులో ఒక కర్మాగారంలో తీగలు బిగించడానికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రపు కదలికను చూచి, తన యంత్రంలో కొరవడిన అమరిక ఏదో గ్రహించాడు. 1999లో యంత్రం పూర్తి అయినది. గంటన్నరలో ఒక చీరకు ఆసు పోసే ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. 2000 సంవత్సరంలో ఏర్పడిన జాతీయ ఆవిష్కరణల సంస్థ ఆ తరువాత అతనికి చేయూతనిచ్చింది. యంత్రానికి పేటెంటు లభించింది. 2017లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది.

ఈ కథలో అందరూ పట్టుదలను చూస్తారు. ఏడేళ్ల పాటు అతని యంత్రం అసంపూర్ణంగా ఉండడాన్ని కూడా గమనించాలి. పూర్తిగా పనిచేయని యంత్రాన్ని పదిమందికీ చూపవలసి రావడం ఒంటరి ఆవిష్కర్తకు తప్పని దుస్థితి. అప్పు ఇచ్చేవానికి చూపాలి, విడిభాగం చేసే కమ్మరికి చూపాలి, పొరుగువానికి చూపాలి. చట్టపరమైన ప్రమాదం సరిగ్గా అక్కడే పొంచి ఉన్నది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఇపోలో ఒక ఆవిష్కర్త తన క్రొత్త పరికరాన్ని ప్రదర్శనలో ఉంచాడు. పత్రికలో బొమ్మతో సహా వార్త వచ్చింది. ఎనిమిది నెలల తరువాత అతడు దరఖాస్తు చేసుకొన్నాడు. అతని పరికరం క్రొత్తదేనా? మలేషియాలో క్రొత్తదే. దరఖాస్తుకు ముందు ఒక సంవత్సరంలోపు ఆవిష్కర్త తానుగా వెల్లడించిన దానిని లెక్కలోకి తీసుకోరాదని ఇక్కడి చట్టం చెబుతుంది. అమెరికా కూడా ఒక సంవత్సరం గడువు ఇస్తుంది. అదే పరికరానికి ఐరోపాలో మాత్రం తలుపు మూసుకుపోయినట్లే. అక్కడ ఆవిష్కర్త తన నోటితో చెప్పిన మాట కూడా అతనికే అడ్డు వస్తుంది. అతి స్వల్పమైన మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. భారతదేశంలో ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలు, విద్వత్సభలలో చదివిన పత్రాలు వంటి కొన్నింటికే పన్నెండు నెలల సడలింపు కలదు.

కనుక ఇక్కడి సంవత్సరం గడువును జారిపడినవానిని పట్టే వలగా భావించాలే గాని, నడిచే దారిగా భావించరాదు. ముందు దరఖాస్తు, పిదప ప్రదర్శన అన్నదే క్షేమకరమైన క్రమం. అంతకు ముందే ఎవరికైనా చూపక తప్పకపోతే, రహస్యంగా ఉంచుతామని వారి చేత వ్రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. దరఖాస్తు చేసిన నాటి నుండి ఇతర దేశాలలో ఆ తేదీనే చెల్లించుకోవడానికి పన్నెండు నెలలు ఉంటాయి. సహకార ఒడంబడిక మార్గాన పోయేవారికి ఆయా దేశాల ఖర్చులోకి దిగకముందు మొత్తం ముప్పది నెలల వరకు వ్యవధి చిక్కుతుంది. కొనేవారెవరో, తయారు చేసేవారెవరో వెతుక్కునేది ఆ వ్యవధిలోనే. ఇక్కడ నివసించేవారు మొదట ఇక్కడనే దరఖాస్తు చేసి రెండు నెలలు ఆగాలి. లేదా రిజిస్ట్రారు అనుమతి పొందాలి. అది లేకుండా నేరుగా విదేశంలో దరఖాస్తు చేయడం చట్టవిరుద్ధం. ఇక పేటెంటు దరఖాస్తును సవివరంగా పరీక్షించమని కోరవలసినది పదునెనిమిది నెలలలోపు. ఆ కోరిక మరచిపోయినవాని దరఖాస్తు ముందుకు సాగదు.

'స్వతంత్ర' అనే మాటకు కూడా చట్టంలో హద్దు ఉన్నది. ఉద్యోగి తన ఉద్యోగ విధిలో భాగంగా చేసిన ఆవిష్కరణ, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. అది అతని విధి కాకపోయినా, యజమాని వ్యాపార రంగంలో యజమాని సామగ్రినో సమాచారాన్నో వాడి చేస్తే, అప్పుడు కూడా హక్కు యజమానికే చెందే అవకాశం ఉన్నది. అయితే ఉద్యోగికి న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలి. ఎస్టేటు పనిశాలలో, ఎస్టేటు ఇనుముతో, ఎస్టేటు సమయంలో చేసిన కత్తికీ, ఇంటి వెనుక పాకలో సొంత ఖర్చుతో చేసిన కత్తికీ ఉన్న తేడా ఇదే. ఇనుము కొన్న రసీదులు, తేదీలు వేసిన చిత్రాలు దాచుకోవడం ఎందుకో దీనివల్ల బోధపడుతుంది.

'మొదట కనిపెట్టినవాడు' ఎవరన్నది లోకం ఒక విధంగా, నమోదు పుస్తకం మరొక విధంగా చెబుతాయి. పెన్‌డ్రైవ్ ఇందుకు నిదర్శనం. సెలాంగూర్‌లోని సెకించాన్‌లో పుట్టిన పువా ఖేన్ సెంగ్ తైవానులో 2000 సంవత్సరంలో మిత్రులతో కలిసి ఫైసన్ సంస్థను స్థాపించి, ఆ పరికరాన్ని ఒకే చిప్పుతో నడిపించే సాధనాన్ని రూపొందించాడు. మలేషియా పత్రికలు ఆయనను పెన్‌డ్రైవ్ పితామహుడని కొనియాడాయి. ఇజ్రాయెల్ సంస్థ ఎం-సిస్టమ్స్ మాత్రం 1999 ఏప్రిల్‌లోనే అమెరికాలో దరఖాస్తు చేసి ఉన్నది. సింగపూరు సంస్థ ట్రెక్ తన హక్కును 2005లో సింగపూరు న్యాయస్థానంలో నిలుపుకొన్నా, 2008లో బ్రిటనులో కోల్పోయింది. ఒకే వస్తువు, మూడు వాదనలు, దేశానికొక తీర్పు. హక్కు పేరుకు కాదు, దరఖాస్తులో వ్రాసిన వాక్యాలకు చెందుతుంది. ఆ వాక్యాల పరిధి దాటి ఒక్క అంగుళం కూడా అది వ్యాపించదు.

దరఖాస్తుకు ముందు అన్వేషణ చేయాలి. ఐరోపా పేటెంటు కార్యాలయం వారి ఎస్పాస్‌నెట్ 1998 నుండి ఉచితంగా లభిస్తున్నది. అన్వేషణలో తన ఆలోచనే మరొకరి పేరుతో కనిపించినా నష్టం లేదు, వృథాప్రయాస తప్పుతుంది. 1986లో ఏర్పడిన మలేషియా ఆవిష్కరణ, రూపకల్పన సంఘం కౌలాలంపూరులో నిర్వహించే ఐటెక్స్ ప్రదర్శన స్వతంత్ర ఆవిష్కర్తలకు పారిశ్రామికులను కలుసుకునే వేదిక. పతకం కంటే అక్కడ దొరికే పరిచయం విలువైనది.

"మీ ఆలోచన అద్భుతం, రుసుము చెల్లిస్తే మేమే అమ్మిపెడతాం" అనే ప్రచార సంస్థల విషయంలో జాగ్రత్త అవసరం. అమెరికా 1999లో చేసిన చట్టం ప్రకారం అటువంటి సంస్థలు తమ వినియోగదారులలో పెట్టుబడికి మించి లాభం పొందినవారు ఎందరో ఒప్పందానికి ముందే చెప్పి తీరాలి. ఏ దేశంలోనైనా ఈ ప్రశ్నను ఎవరైనా అడగవచ్చు.

హక్కు లభించిన తరువాత కూడా పని మిగిలి ఉంటుంది. ఉపయుక్త నవీకరణకు పదేళ్లు నిండినప్పుడు పొడిగింపు కోరే యజమాని, అది మలేషియాలో వాణిజ్యపరంగా గాని పారిశ్రామికంగా గాని వాడుకలో ఉన్నదని ప్రమాణపత్రం సమర్పించాలి. లేకపోతే వాడకపోవడానికి తగిన కారణం చూపాలి. రెండూ లేనివాని హక్కు అంతటితో ముగుస్తుంది. చిత్రాలతో సహా ఆ దస్తావేజు మాత్రం కార్యాలయంలో ఉంటుంది. చదివి ఆ కత్తిని చేసుకోవడానికి అప్పుడు ఎవరికీ అభ్యంతరం ఉండదు.