కారు ఇంజనులో రెండు చెంచాల నీరు

కారు నేర్చుకొనేవారు మొదట స్టీరింగును, క్లచ్చును, బ్రేకును గుర్తుపడతారు. బానెట్టు కింద జరిగే పనిని మెకానిక్కుకు వదిలివేస్తారు. కాని మొవ్వ, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో బండి నడిపేవారికి ఆ పని కొంతయినా తెలిసి ఉండాలి. కృష్ణా డెల్టా భూమి పళ్ళెంలా చదునైనది. పెద్దవాన పడితే మురుగు కాలువలు పొంగి నీరు రోడ్లెక్కుతుంది, త్వరగా దిగిపోదు. అట్టి నీటిలో ఆగిపోయిన కారును మళ్ళీ స్టార్టు చేయవచ్చునా?

సూది తీసివేసిన సిరంజి ఒకటి ఉంటే సమాధానాన్ని తరగతిలోనే చూపవచ్చు. గాలి నింపి, కొనను వేలితో మూసి, కడ్డీని నొక్కాలి. అది చాలా దూరం లోపలికి పోతుంది. ఇప్పుడు గాలి బుడగ లేకుండా నీరు నింపి అట్లే నొక్కితే కదలనే కదలదు.

ఇంజనులో సిరంజి వంటి గొట్టమే సిలిండరు. అందులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నిర్మించిన ఇంజను పద్ధతినే నేటికీ పెట్రోలు కార్లు అనుసరిస్తున్నాయి. పిస్టను దిగుతూ గాలిని, పెట్రోలును లోపలికి పీలుస్తుంది. ఎక్కుతూ ఆ మిశ్రమాన్ని అణచుతుంది. స్పార్కు ప్లగ్గు రవ్వతో అది మండి, పిస్టనును కిందికి తోస్తుంది. పిస్టను మళ్ళీ ఎక్కుతూ, కాలిన వాయువులను సైలెన్సరు దారిని వెళ్ళగొడుతుంది. ఈ నాలుగు దశలలో బలమిచ్చేది మూడవది ఒక్కటే. తక్కినవాటిని బరువైన ఫ్లైవీలు తన తిరుగుడు ఊపుతో నడిపిస్తుంది. పిస్టను రాకపోకలను కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు షాఫ్టు కలిసి గుండ్రని తిరుగుడుగా మారుస్తాయి. కాలితో తొక్కే కుట్టుమిషనును చూసినవారికి ఇది కొత్త కాదు.

పిస్టను అడుగున ఉన్నప్పుడు సిలిండరులో 300 ఘనపు సెంటీమీటర్ల చోటు ఉన్నదనుకొందాం. పెట్రోలు ఇంజనులో మిశ్రమం సుమారు పదోవంతుకు అణగుతుంది. అనగా పిస్టను పైకి చేరేసరికి మిగిలేది 30 ఘనపు సెంటీమీటర్లు, రెండు పెద్ద చెంచాల చోటు! అంతకుమించి నీరు చేరితే పిస్టను పైదాకా పోలేదు. నీరు అణగదు, ఊపుమీదున్న ఫ్లైవీలు ఆగదు. నడుమ చిక్కిన కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఒక్కొక్కప్పుడు విరిగి ఇంజను గోడను పగులగొడుతుంది. డీజిలు ఇంజనులో గాలి ఇంకా ఎక్కువగా అణగుతుంది గనుక అక్కడ మిగిలే చోటు మరీ తక్కువ. (విద్యుత్తు కార్లలో సిలిండర్లే లేవు, వాటి జాగ్రత్తలు వేరు.)

నీరు ఎటునుంచి వస్తుంది? చాలామంది సైలెన్సరును అనుమానిస్తారు. ముఖ్యమైన దారి గాలి పీల్చే గొట్టం. నిమిషానికి 2400 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 20 సార్లు గాలి పీలుస్తుంది. గొట్టం నోరు మునిగితే అదే జోరుతో నీటిని పీలుస్తుంది. వేగంగా పోతే బండి ముందు లేచే అలే ఆ నోటిని అందుకొంటుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో అనేక వాహనాలు మునిగాయి. ఆగి ఉన్న ఇంజనులోకి నీరు చేరినంత మాత్రాన రాడ్డు వంగదు. ఆ తరువాత తాళం తిప్పితేనే వంగే ప్రమాదం. కాబట్టి బండిని మెరకకు నెట్టి, బ్యాటరీ తీగ విప్పించి, మెకానిక్కును పిలవాలి. అతడు ప్లగ్గులన్నీ విప్పి ఇంజనును తిప్పితే, ఆ రంధ్రాల గుండా నీరు చిమ్ముకొని వచ్చేస్తుంది. డీజిలు బండికైతే ఇంజెక్టర్లు విప్పుతారు. ఇంజను ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగి ఉంటే అందులోనూ నీరు కలిసినట్లే. దానిని మార్చిన తరువాతనే స్టార్టు చేయాలి.