నక్షత్రధూళి

నక్షత్రముల నడుమనున్న ఆకాశము శూన్యమని తోచును. కాని అందు మిక్కిలి సన్నని ధూళి కలదు. వయసు చెల్లిన నక్షత్రములు వెడలగ్రక్కిన పదార్థము చల్లారి ఈ ధూళి యగుచున్నది. సూర్యుడును, భూమియు, దానిపై నున్న సమస్తమును పూర్వము ఇట్టి ధూళినుండియు వాయువులనుండియు ఏర్పడినవే. కావున దీనిని పరీక్షించుట మన పుట్టుక కథను చదువుట వంటిది.

ఈ ధూళిని పట్టి తెచ్చుటకై అమెరికాలోని నాసా సంస్థవారు 1999 ఫిబ్రవరి 7వ తేదీన ‘స్టార్‌డస్ట్’ అను అంతరిక్ష నౌకను పంపిరి. ఈ రేణువులు తుపాకిగుండును మించిన వేగముతో వచ్చును. గట్టి పలకకు తగిలినచో చిట్లిపోవును. అందుచేత నౌకలో ‘ఏరోజెల్’ అను పదార్థమును అమర్చిరి. అది ఇసుకలోని సిలికాతో చేసినదే యైనను, అందు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు గాలియే. దానిలో దూరిన రేణువు క్రమముగా వేగము తగ్గి నిలిచిపోవును. వెనుక సన్నని దారి మిగులును. 2000, 2002 సంవత్సరములలో మొత్తము 195 దినములు ఆ పలకను నక్షత్రధూళి వచ్చు దిక్కునకు త్రిప్పి యుంచిరి. 2004లో దాని రెండవ ముఖముతో ఒక తోకచుక్క ధూళిని గూడ పట్టిరి. 2006 జనవరి 15న ఆ పలకగల పెట్టె భూమిని చేరెను.

తరువాతి పని మరింత కష్టము. వడమాలపేటయొద్ద పుత్తూరు బాటపై లారీ పోవునపుడు లేచు దుమ్ములో ఒక్క రేణువు కంట పడినను మనకు తెలియును. నక్షత్రధూళి రేణువు మిల్లీమీటరులో ఇంచుమించు వేయవ వంతు మాత్రమే. దానిని వెదకుటకు పలుదేశముల సామాన్యజనులు ముప్పదివేలకు పైగా పూనుకొని, తమ కంప్యూటర్లపై సూక్ష్మదర్శిని చిత్రములను పరికించిరి. దొరకిన దారులలో పెక్కు ఆ నౌకయొక్క సౌరఫలకములనుండి చిట్లిన తునుకలవని తేలెను. తుదకు 2014లో శాస్త్రజ్ఞులు ఏడు రేణువులను మాత్రమే నక్షత్రధూళి కావచ్చునని ప్రకటించిరి.

మన దేశమున జరిగిన ఒక పరీక్షలోను ఇట్టి చిక్కే యెదురయ్యెను. 2005లో హైదరాబాదునుండి ఇస్రో శాస్త్రజ్ఞులు పెద్ద బెలూనును ఎగురవేసి, 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తువరకు గల గాలిని, సూక్ష్మజీవులు లేకుండ శుద్ధిచేసిన ఉక్కు గొట్టములలో పట్టి తెచ్చిరి. హైదరాబాదు, పూనా నగరముల ప్రయోగశాలలు రెండును వేర్వేరుగా దానిని పరీక్షించెను. మూడు క్రొత్త బాక్టీరియా జాతులు బయటపడెను. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. అయినను అవి అంతరిక్షమునుండియే వచ్చినవని ఈ పరీక్షచే నిశ్చయముగా రుజువు కాలేదని 2009లో ఇస్రోవారే తెలిపిరి.

క్రొత్త వస్తువు దొరకినపుడు సంతసించుట సహజము. అది తమ చేతి దుమ్మేమో యని ముందుగా శంకించుట శాస్త్రజ్ఞుల ధర్మము. అట్టి శంకకు నిలిచిన రేణువులు ఏడే యైనను, వానిని నక్షత్రధూళి కావచ్చునని మాత్రమే శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.