మెట్ట నేలకు తగిన పాఠం: పశ్చిమ ప్రకాశంలో విపత్తు నిర్వహణ శిక్షకుడి పని

ఆపద వచ్చినప్పుడు ఏం చేయాలో అధికారులకు, గ్రామస్థులకు, విద్యార్థులకు, కార్మికులకు ముందుగానే బోధించి, వారు తడబాటు లేకుండా ఆ పని చేయగలిగే వరకు సాధన చేయించే వ్యక్తిని విపత్తు నిర్వహణ శిక్షకుడు అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తు అనగానే అందరికీ ముందుగా గుర్తొచ్చేది తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేల ప్రాణాలను బలిగొన్నది మొదలు, హెచ్చరిక, తరలింపు, పునరావాస కేంద్రం అనే మూడు అంశాలు ఈ రాష్ట్రంలో విపత్తు సన్నద్ధతకు వెన్నెముకగా నిలిచాయి. అయితే సముద్రానికి దూరంగా, నల్లమల కొండల తూర్పు అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల ప్రాంతాలకు తీరప్రాంతపు పాఠం యథాతథంగా సరిపోదు. అందువల్ల ఇక్కడ పనిచేసే శిక్షకుడు ముందుగా చేయవలసింది ఆ పాఠాన్ని ఈ మెట్ట నేలకు అనుగుణంగా తిరిగి రాసుకోవడమే.

శిక్షణకు ఉన్న వ్యవస్థ

2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాలోనూ కలెక్టర్ అధ్యక్షతన ఒక విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ ఉండాలి. జిల్లా ప్రణాళిక తయారు చేయడంతోపాటు అధికారులకు, స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఇప్పించడం కూడా దాని బాధ్యతే. ఈ చట్టం కిందనే ఎన్డీఆర్ఎఫ్‌గా అందరికీ తెలిసిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం ఏర్పడింది. తెలుగు రాష్ట్రాలకు సేవలందించే దాని పదో బెటాలియన్, అధికారుల శిక్షణను చూసే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం, రెండూ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉన్నాయి. 2025 జనవరి 19న ఈ ప్రాంగణాలు ప్రారంభం కావడంతో, ఇతరులకు నేర్పగలవారిని తయారుచేసే ‘శిక్షకుల శిక్షణ’కు రాష్ట్రంలోనే ఒక కేంద్రం ఏర్పడింది.

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ‘ఆపద మిత్ర’ పథకం ఈ పనిని సామాన్యుల దగ్గరకు తెచ్చింది. స్థానిక యువతీయువకులను ఎంపిక చేసి, ప్రథమ చికిత్స, తాళ్లతో రక్షించడం, వరదలో చిక్కినవారిని బయటకు తేవడం వంటి నైపుణ్యాలను 12 రోజుల పాటు నేర్పడం ఇందులోని పద్ధతి. ప్రమాద స్థలానికి దళాలు ఎంత వేగంగా వచ్చినా, వాటికంటే ముందు అక్కడ ఉండేది ఇరుగుపొరుగువారే కాబట్టి, మొదటి గంటలో వారు చేసే పని మీదనే చాలా ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఈ నేల అడిగే పాఠాలు

పశ్చిమ ప్రకాశం కరవు సీమ. అయినా కొండల్లో ఒక్కసారిగా కుండపోత కురిస్తే వాగులు గంటల వ్యవధిలోనే పొంగుతాయి. ఊళ్లో చినుకు పడకపోయినా పైనుంచి నీరు రావచ్చునని, చప్టా మీద మోకాలి లోతున వేగంగా పారే నీరు మనిషిని పడదోయగలదని, దానికంటే కొంచెం ఎక్కువ నీరు వాహనాన్ని సైతం ఈడ్చుకుపోగలదని శిక్షకుడు స్పష్టంగా చెప్పాలి. గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువుతో పాటు ఈ ప్రాంతంలో ఉన్న అనేక చిన్న చెరువుల విషయంలో కట్టను గమనించడమే ఒక పాఠం. కట్ట అడుగున తేట నీరు ఊరడం ఒక స్థితి. ఆ నీరు మట్టితో కలిసి బురదగా రావడం మొదలైతే లోపల బుంగ పడుతోందని, అది గండిగా మారకముందే నీటిపారుదల సిబ్బందికి కబురు పంపి, దిగువనున్న ఇళ్లను ఖాళీ చేయించాలని అర్థం.

అడవి అంచు గ్రామాల్లో, చెంచు గూడేల్లో పాముకాటు తరచుగా ఎదురయ్యే ఆపద. కాటు పైభాగాన బిగించి కట్టు కట్టడం, గాయాన్ని కోయడం, నోటితో విషం పీల్చడం మేలు చేయకపోగా హాని చేస్తాయి. కాటు పడిన అవయవం కదలకుండా బద్దకట్టు వేసి, మనిషిని నడిపించకుండా, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చడమే సరైన దారి. కట్లపాము కాటులో నొప్పి, వాపు దాదాపు కనిపించకపోవచ్చు కాబట్టి, నొప్పి లేదని తెల్లవారేదాకా ఆగకూడదని ప్రత్యేకంగా చెప్పవలసి ఉంటుంది. ఎండాకాలంలో పొలాల్లో, ఉపాధి హామీ పనుల్లో ఉన్న కూలీలకు వడదెబ్బ మరో ముప్పు. మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ, స్పృహ తప్పుతున్న మనిషిని నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

మార్కాపురానికి పేరు తెచ్చిన పలకల గనుల్లో రాయి జారిపడే ప్రమాదం ఒకటైతే, కోతలో లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులను ఏళ్ల తరబడి దెబ్బతీసి సిలికోసిస్ అనే వ్యాధికి దారితీయడం మరొకటి. ఇక దోర్నాల సమీపంలో నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున తవ్విన వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు సొరంగాలు భూగర్భ ప్రమాదాల మీద కూడా శిక్షణ అవసరమని గుర్తుచేస్తాయి. ఇదే నల్లమలలో, తెలంగాణ వైపున, 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు. బురద, నీరు, శిథిలాలు అడ్డుపడిన ఆ చోట సైన్యం, ఎన్డీఆర్ఎఫ్, సింగరేణి రక్షణ బృందాలు కలిసి పనిచేయవలసి వచ్చింది.

నోటి మాట నుంచి చేతి అలవాటుకు

ఇన్ని శాఖలు, బృందాలు ఒకేచోట చేరినప్పుడు ఎవరు ఎవరి మాట వినాలన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. 1970లో కాలిఫోర్నియా అడవుల్లో చెలరేగిన మంటల అనుభవంతో అమెరికాలో రూపొందిన ఏకీకృత నాయకత్వ పద్ధతిని మన దేశ పాలనకు అనువుగా మలచి, 2010లో ‘సంఘటన ప్రతిస్పందన వ్యవస్థ’గా ప్రవేశపెట్టారు. రక్షణ చర్యలు, ప్రణాళిక, సామగ్రి సరఫరా అనే మూడు విభాగాలు ఒకే అధికారి కింద నడవడం దీని సారాంశం. దీన్ని నేర్పడానికి శిక్షకుడు ముందుగా బల్ల మీద పటం పరచి, ఊహాజనిత సంఘటనను గంట గంటకూ పెంచుతూ అధికారుల చేత నిర్ణయాలు చేయిస్తాడు. ఆ తరువాత మైదానంలో మాక్‌డ్రిల్, అంటే నిజమైన ప్రమాదాన్ని పోలిన అభ్యాసం, నిర్వహిస్తాడు. జనం భయపడకుండా దానిని ముందుగా ప్రకటించడం, పాల్గొనేవారికి దెబ్బ తగలకుండా చూడడం, ముగిశాక ఎవరినీ నిందించకుండా లోపాలను చర్చించడం అతని బాధ్యతలు.

పెద్దలకు నేర్పడం పిల్లలకు నేర్పడం కంటే భిన్నమైన విద్య. వాగు ఏ వైపు నుంచి ముందుగా పొంగుతుందో రైతుకు, ఏ రాతిపొర నమ్మదగనిదో గని కార్మికుడికి, ఏ దారిన అడవి దాటాలో చెంచులకు శిక్షకుడికంటే బాగా తెలుసు కాబట్టి, గ్రామస్థుల చేతనే ఊరి పటం గీయించి, ముంపు ఇళ్లను, మంచం పట్టిన వృద్ధులను, ఎత్తైన పాఠశాలను అందులో గుర్తింపజేయడంతో మంచి శిక్షణ మొదలవుతుంది. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేయడాన్ని కూడా తెరమీద చూపి వదిలేస్తే ఎవరికీ రాదు. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కడమంటే ఎంత శ్రమో బొమ్మ మీద ప్రతి ఒక్కరూ స్వయంగా చేసినప్పుడే తెలుస్తుంది.

ఇలాంటి నైపుణ్యం వాడకపోతే నెలల్లోనే సన్నగిల్లుతుంది. కాబట్టి ఏడాదికి ఒకసారి జరిపే సదస్సుతో, పంచిన కరపత్రంతో శిక్షణ పూర్తయిందని భావించడం ప్రజల ప్రాణాల పట్ల అన్యాయమే అవుతుంది. ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు, గని మేస్త్రీలు, అటవీ సిబ్బంది, చెంచు యువకుల నుంచే శిక్షకులను తయారుచేసి, వానకాలానికి ముందు వాగుల పాఠాన్ని, వేసవికి ముందు వడదెబ్బ పాఠాన్ని ఏటా తిరిగి చెప్పించగలిగితే, బయటి నుంచి సాయం వచ్చేలోగా తమను తాము కాపాడుకోగల శక్తి ఈ గ్రామాలకు కలుగుతుంది. శిక్షకుడి జీతానికి, ఒక బొమ్మకు, కొన్ని తాళ్లకు అయ్యే ఖర్చు నష్టపరిహారానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. దానిని బడ్జెట్‌లో ప్రతి ఏటా తప్పనిసరి పద్దుగా చేర్చడం ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకు సాధ్యమైన పని, చేయవలసిన పని.