ఊపిరితిత్తుల క్యాన్సర్: 'ట్రయల్‌లో చేరతారా?' అని అడిగితే సంతకానికి ముందు తెలుసుకోవాల్సినవి
(డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ లబ్ధిదారుల కోసం – ఉభయ గోదావరి జిల్లాలు)

రాజమండ్రిలోనో, కాకినాడలోనో, విశాఖలోనో క్యాన్సర్ వైద్యం చేయించుకుంటున్నప్పుడు డాక్టరుగారు "ఒక ట్రయల్ ఉంది, చేరతారా?" అని అడగొచ్చు. వెంటనే ఇంట్లోవాళ్లకు వచ్చే భయం: "మా నాన్న మీద ప్రయోగాలు చేస్తారాండీ?" ఆ భయం తప్పు కాదు. కానీ భయపడి వద్దనడమూ, మొహమాటపడి సంతకం పెట్టేయడమూ రెండూ మంచివి కావు. విషయం తెలుసుకుని నిర్ణయించుకోండి.

ముదిరింది అంటే ఏమిటి?
జబ్బు ఊపిరితిత్తి దాటి ఎముకలకో, కాలేయానికో, మెదడుకో పాకిందని. ఈ దశలో వైద్యం చాలామందికి పూర్తిగా నయం చేయలేదు. జబ్బును అదుపులో ఉంచి, ఆయుష్షు పెంచి, బాధ తగ్గించడానికి చేస్తారు.

ట్రయల్ అంటే ఏమిటి?
కొత్త మందు గానీ, కొత్త పద్ధతి గానీ పనిచేస్తుందో లేదో మనుషుల్లో పరీక్షించి చూడటం. మొదటి దశలో ఎంత మోతాదు ప్రమాదం లేనిదో చూస్తారు. రెండో దశలో పనిచేస్తోందా అని చూస్తారు. మూడో దశలో ఇప్పుడున్న వైద్యంతో పోల్చి చూస్తారు. ఎవరికి ఏ వైద్యం అన్నది చాలాసార్లు లాటరీ తీసినట్టు కంప్యూటరే నిర్ణయిస్తుంది.

మన దేశంలో జరిగిన ఒక ఉదాహరణ
ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో, ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్న 350 మంది రోగులతో ఒక ట్రయల్ చేశారు. కొందరికి గెఫిటినిబ్ మాత్ర ఒక్కటే ఇచ్చారు. మిగతావాళ్లకు మాత్రతోపాటు కీమో కూడా ఇచ్చారు. ఫలితాలు 2019లో వచ్చాయి. మాత్ర ఒక్కటే వాడినవాళ్లలో జబ్బు సుమారు 8 నెలలు అదుపులో ఉంటే, రెండూ వాడినవాళ్లలో సుమారు 16 నెలలు ఉంది. అయితే తీవ్రమైన దుష్ప్రభావాలు 100 మందిలో 25 మందికి బదులు 51 మందికి వచ్చాయి. మేలు, ఇబ్బంది రెండూ ఉంటాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ హక్కులు (2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం)
• చేరడం, చేరకపోవడం మీ ఇష్టం. మధ్యలో మానుకోవచ్చు కూడా. వద్దన్నారని మీకు మామూలుగా అందాల్సిన వైద్యం ఆపకూడదు.
• సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రాకపోతే, ఆ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఆ పత్రం కాపీ మీకివ్వాలి.
• ట్రయల్‌కు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్టరులో నమోదై ఉండాలి.
• ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం అందాలి.

సంతకానికి ముందు ఇవి అడగండి
1. ఇప్పుడున్న వైద్యం ఏది? ట్రయల్‌లో చేరితే అది ఆగిపోతుందా?
2. ఏ మందులు, ఏ పరీక్షలు ఉచితం? వేటికి మేము డబ్బు కట్టాలి? కాగితం మీద రాసిస్తారా?
3. నెలకు ఎన్నిసార్లు రావాలి? దారిఖర్చులు ఇస్తారా?
4. రాత్రిపూట ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి?
5. సీటీఆర్ఐ నంబరు ఎంత?

పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని పిల్లలతో, ఇంటిపెద్దలతో మాట్లాడుకోండి. "ఇప్పుడే సంతకం పెట్టండి" అని తొందరపెడితే, "ఆలోచించుకుని చెబుతామండి" అనడానికి మొహమాటపడకండి. మీ కార్డుకు ఏ వైద్యం వర్తిస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ కనుక్కోండి.