మార్కాపుర ప్రాంత కళాసమాజములకు యంత్రలిపి సాహాయ్యము

మార్కాపురము పేరు చెప్పఁగానే పాఠశాలల పండితులకు మొదట స్ఫురించునది పలక. ఈ ప్రాంతపు గనులనుండి తీసిన రాతిని బలుచని రేకులుగాఁ జీల్చి, చెక్కచట్రములు బిగించి, యనేక తరముల బాలురచేత నోనమాలు దిద్దించినారు. పలకకు గుణమును దోషమును నొక్కటియే: తడిగుడ్డతోఁ దుడిచిన వ్రాఁత మాయును. ఓనమాలకు నది మేలు. పద్యనాటకమునకుఁ గాదు.

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970వ సంవత్సరమున నొంగోలు జిల్లా యేర్పడువఱకుఁ గర్నూలు జిల్లాలోఁ జేరియుండెను. క్రొత్తజిల్లాకు 1972లోఁ బ్రకాశము పంతులవారి పేరు పెట్టిరి. ఈ పల్లెలలోఁ బద్యనాటకములు, హరికథలు, భజనలు, కోలాటములు నడపు సమాజములు లాభాపేక్షతోఁ బుట్టినవి కావు. పండుగలకుఁ జందాలు వసూలు చేసికొని ప్రదర్శనమిచ్చుటయు, మిగిలినది తరువాతి యేఁటికి దాఁచుటయు వారి యాదాయవ్యయముల చరిత్ర. వారి యాస్తి యేమనఁగా నొక హార్మోనియము, నొక తబలాజోడు, వేషముల పెట్టె, కొన్ని వ్రాఁతపుస్తకములు. మొదటి మూఁడింటి వెల యెల్లరు నెఱుఁగుదురు. నాలుగవదానిలో నచ్చుపుస్తకమున లేని పద్యములు, గురువు చెప్పి వ్రాయించిన రాగసూచనలు, వేదికపైఁ బుట్టి నిలిచిన మార్పులు నుండును. అది పోయినచో సంతలోఁ గొనఁదగిన వస్తువు గాదు.

ఇట్టి సమాజములకు యంత్రసాహాయ్యము చేయఁగోరువారు నేఁడు లేకపోలేదు. కాని సాహాయ్యమనఁగాఁ గంప్యూటరు కొనిపెట్టుట యని దాతలును, దానిని బుచ్చుకొనుట యని గ్రహీతలును దలంచుచున్నారు. యంత్రము కొలఁది యేండ్లకే పాఁతబడును. దానిలోఁ బెట్టిన వ్రాఁత యే లిపిసంకేతమున నున్నదను ప్రశ్న మాత్రము ముప్పదియేండ్లకుఁ బిమ్మటఁ గూడ నుండును. ఈ రెండవదానినే మొదట నడుగవలెనని నా యభిప్రాయము.

నే నెఱిఁగిన యొక సమాజమువారు తమ పెద్దనటుని పుస్తకమును సంచికకొఱకు డీటీపీ చేయించి, పని ముగిసిన పిమ్మట శిథిలమైన మూలమును బాఱవైచిరి. చాలయేండ్లకుఁ దరువాత నా ఫైలును వేఱొక యంత్రముపైఁ దెఱచి చూడఁగా నందుఁ దెలుఁగక్షర మొక్కటియు లేదు. ఇంగ్లీషక్షరములును, డాలరుగుర్తులును, ఆశ్చర్యార్థక చిహ్నములును బంక్తులుగా నిలిచియుండెను. యంత్రము చెడినదని వారనుకొనిరి. యంత్రము చెడలేదు.

కారణ మిది. తొలినాఁటి యంత్రములలో నొక్కొక్క యక్షరమున కొక్కొక్క సంఖ్యాస్థాన ముండెడిది. ఒక ఫాంటులో నట్టి స్థానములు 256కు మించవు. అందు మొదటి 128 ఇంగ్లీషువారి లిపికిని యంత్రపు టాజ్ఞలకును జెల్లినవి. తెలుఁగున హల్లులు, తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము, వత్తులు మొదలగు ముక్కలకు వేఱుగాఁ జోటు లేదు. అందుచే నాఁటి శిల్పు లొక యుపాయము పన్నిరి. ఇంగ్లీషక్షరముల స్థానములనే పుచ్చుకొని, వాని బొమ్మలు తీసివేసి, తెలుఁగు ముక్కల బొమ్మలు గూర్చిరి. కంటికిఁ దెలుఁగు, యంత్రమున కింగ్లీషు! ఆ ఫాంటు లేని యంత్రము తనకుఁ దెలిసిన యింగ్లీషు బొమ్మలనే చూపును. ఒక్కొక్కరు తమతమ రీతిని ముక్కలు గూర్చుటచేత నొకరి ఫాంటుతో వ్రాసినది మఱియొకరి ఫాంటుతోఁ జదువరాదు. అట్టి ఫైలులో నొక పదమును వెదకుటకుఁ గాని, పద్యములను నకారాదిగాఁ గూర్చుటకుఁ గాని వలనుపడదు. ఆ శిల్పులను నేను దూషింపను. వారి యుపాయమే లేనిచోఁ దెలుఁగుపత్రికలును గ్రంథములును నంత వేగమున నచ్చుపడియుండవు. అచ్చుకొఱకుఁ జేసినదానిని భద్రపఱచుటకు వాడుటయే పొరపాటు.

1991లో వెలువడిన యూనికోడు ప్రపంచమునందలి లిపులకు వేఱువేఱు సంఖ్య లిచ్చుటకుఁ బూనుకొనెను. తెలుఁగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానము లేర్పడినవి. కకారము 3093, పొల్లు 3149, షకారము 3127. క్షకు వేఱు సంఖ్య లేదు. ఈ మూఁటిని వరుసగా నుంచిన యంత్రమే సంయుక్తాక్షరమును గూర్చి చూపును. పొల్లుచే నకారమును దొలఁగించి హల్లును హల్లుతోఁ జేర్చుట మన వైయాకరణుల మార్గమే కావునఁ బండితుల కిది క్రొత్తగాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోఁ గూడ గౌతమి యను తెలుఁగుఫాంటు వచ్చినది. అప్పటినుండి సామాన్యుని యంత్రమునకును దెలుఁగు తెలియుట యారంభమైనది.

అరసున్నయు శకటరేఫమును నందుఁ గలవా యని పండితు లడుగుదురు. కలవు, అరసున్న 3073, శకటరేఫము 3121. దంత్యములగు ౘ, ౙలును, అవగ్రహచిహ్నమును 2008లోఁ జేరినవి. నకారప్పొల్లు 2021 వఱకు వేచియుండెను. ఇవి తమంతఁ దాము చేరినవి కావు. ఎఱిఁగినవారు నిదర్శనములు చూపి యర్జీ లిడఁగాఁ జేరినవి. అయినను యూనికోడున స్థానముండుట వేఱు, ఫాంటులో బొమ్మయుండుట వేఱు. బొమ్మ లేనిచో నక్షరమునకు బదులుగా నొక డబ్బా కనఁబడును. వ్రాఁతకు దిగుటకు ముందే ౘ, ౙల నొకపరి కొట్టి చూచుకొనుట మంచిది.

పాఁతఫైళ్లను యూనికోడునకు మార్చు సాధనములు గలవు. మూల మే ఫాంటున నున్నదో తెలిసిననే యవి పనిచేయును. కావున ఫైలుతోఁబాటు ఫాంటుపేరును వ్రాసి యుంచవలెను. అచ్చుపుస్తకము మాత్రమే మిగిలిన యెడల దాని ఛాయాచిత్రమునుండి యంత్రమే యక్షరములను జదువు పద్ధతి గలదు. తెలుఁగుమీఁద నా యంత్రపుఁ జదువు చాల వృద్ధి పొందినది గాని ధ, థలను దాఱుమాఱు చేయుటయు, అరసున్నను మింగుటయు, లేదా దానిని నిండుసున్నగాఁ జేయుటయు మానలేదు.

ఇచ్చటనే పాఠశాల పండితుని ప్రజ్ఞ యక్కఱకు వచ్చును. పద్యమునకుఁ దనలోనే తప్పుపట్టు సాధన మున్నది. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణములు, 20 అక్షరములు, 10వ యక్షరము యతి. ఒక యక్షరము జాఱినచో లెక్క తప్పును. అరసున్న నిండుసున్న యైనచో లఘువు గురువై గణము చెడును. ద్వితీయాక్షరము మాఱినచోఁ బ్రాస చెడును. ఈ లెక్కను జూచి పద్యలక్షణము చెప్పు ఛందము అను సాధనమును గూడ నిర్మించినారు. కాని ఛందస్సు పట్టలేని తప్పులు గలవు. అరసున్న లోపించినను మాత్ర మాఱదు. ధకు బదులు థ పడినను గణము చెడదు. త థ ద ధలకుఁ బరస్పరము యతిమైత్రి యుండుటచే యతిస్థానమునఁ గూడ దొరకదు. అట్టిదానిని బట్టునది యర్థమెఱిఁగిన కన్నొక్కటియే. వచనమునందైతే ఛందస్సు రక్షయుఁ గూడ లేదు. నాటకపుస్తకములలోఁ బద్యములకంటె వచనమే యెక్కువ చెడియుండుటకు నిదియే కారణమని తోఁచుచున్నది.

ఈ పనికి వలయు సామగ్రి వెలలేకయే లభించును. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన ఫాంట్లను నిర్మించి యుచితముగా నిచ్చినారు. సిలికానాంధ్రవారు వెలువరించిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామరాజ, శ్రీకృష్ణదేవరాయ మున్నగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో నెవరైనఁ దెచ్చుకొనవచ్చును. కంభము చెరువును గట్టించినది రాయల దేవి వరదరాజమ్మ యను ప్రతీతి నెఱిఁగిన యీ ప్రాంతమువారికి రాయలపేరి ఫాంటు రుచింపకపోదు! ఇంగ్లీషు మీటలపైఁ దెలుఁగు వ్రాయుటకు లేఖిని గలదు. పత్రములు సిద్ధపఱచుటకు లిబ్రె ఆఫీసు గలదు.

లాభాపేక్ష లేని సంస్థలకుఁ దమ సాధనములను దక్కువవెలకో యుచితముగానో యిచ్చు నేర్పాట్లను గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు చేసియున్నవి. 1987లో నమెరికాలోఁ గంప్యూమెంటరు పేరఁ బుట్టి, తరువాత టెక్‌సూప్ అనఁబడిన సంస్థ పెద్దకంపెనీల దానములను జిన్నసంస్థలకుఁ జేర్చుటయే వృత్తిగాఁ గొన్నది. వీరందఱు మొదట నడుగునది రిజిస్ట్రేషను పత్రము. మనవైపు సమాజములు పెక్కులు పేరునకే సమాజములు. 2001 నాఁటి యాంధ్రప్రదేశ్ సంఘముల చట్టము ననుసరించి యేడుగురు చేరి రిజిస్టరు చేయించుకొనవచ్చును. పద్యములను భద్రపఱచుట మాత్ర మా పత్రముకొఱకు నిలుపవలసినది కాదు.

శుద్ధపఱచిన ప్రతి నెచ్చట నుంచవలెను? ఇంటర్నెట్ ఆర్కైవులోఁ బుస్తకపు ఛాయాచిత్రముల నుంచవచ్చును. 2005లో నారంభమైన తెలుఁగు వికీసోర్సు మన పని కింకను దగినది. అందు పుటయొక్క ఛాయాచిత్ర మొకప్రక్కను, అక్షరప్రతి యొకప్రక్కను నుండును. ఒకరు దిద్దిన పుట పసుపుపచ్చ గుర్తును, వేఱొకరు మరలఁ బరిశీలించినచో నాకుపచ్చ గుర్తును బొందును. దిద్దినవాఁడే రెండవ పరిశీలన చేయరాదు. కాని యచ్చట నుంచుటకు గ్రంథముపై హక్కులు తీఱియుండవలెను. మన దేశమున గ్రంథకర్త మరణించిన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 సంవత్సరములు గడువవలెను. సజీవులగు కవుల పద్యముల నెంత ప్రీతితోనైనను ననుమతి లేక వెలువరింపరాదు. సమాజముకొఱకు దాఁచుకొనుట వేఱు.

తాళపత్రములకే ప్రభుత్వసాహాయ్యము గలదను భ్రమ యొకటి వ్యాపించియున్నది. 2003లో నారంభమైన జాతీయ వ్రాఁతప్రతుల సంస్థ లక్షణము చొప్పున 75 ఏండ్లు దాఁటిన చేతివ్రాఁత, తగిన విలువ గలదైనచోఁ గాగితముపై నున్నను వ్రాఁతప్రతియే. అచ్చుపుస్తకము మాత్రము కాదు. 2025లో నీ పనికై కేంద్రప్రభుత్వము జ్ఞానభారతము పేర నొక క్రొత్త యుద్యమమును బ్రకటించినది. తాతలనాఁటి నాటకపుఁ బుస్తకము గలవా రా మాట జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇఁక సంచిక వేయఁబోవు సమాజములు డీటీపీవారిని బని యొప్పగించునాఁడే యడుగవలసినవి మూఁడు గలవు. సొమ్ము చెల్లించిన తరువాత నడిగిన దొరకవు. అచ్చునకుఁ బంపిన పీడీఎఫ్ ప్రతి, ఫాంటుపేరుతోఁ గూడిన మూలపు ఫైలు, యూనికోడులోని యక్షరప్రతి. ఈ మూఁటిని రెండు వేఱువేఱు యిండ్లలోనున్న రెండు యంత్రములపై నుంచి, యేఁటి కొకపరి తెఱచి చూడవలెను. చేతివ్రాఁత మూలమును మాత్రము, చెదలు కొట్టినదైనను, పాఱవేయవలదు.